విశ్వాసమునకు, హేతువునకు నడుమ గట్టు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఇరువదియైదు సంవత్సరములుగా ఈ గ్రంథాలయములో మతగ్రంథములును, భౌతికశాస్త్ర గ్రంథములును ఒకే కప్పు క్రింద పోట్లాడక నిలిచియున్నవి. చదువరి తలలో మాత్రము అవి యంత సులభముగా సర్దుకొనవు. ఈ చిక్కును కతోలిక పెద్దలు ఎట్లు విప్పజూచిరో ఒక్క ప్రశ్నను పట్టుకొని మనవి చేసెదను. ఈ లోకమునకు మొదలున్నదా, లేదా?

13వ శతాబ్దిలో పారిస్ విశ్వవిద్యాలయమున దీనిపై పెద్ద వివాదము నడచెను. లోకము అనాదియని అరిస్టాటిలు తలచెను. దేవుడు దానిని సృజించెననియు, దానికి ఆది కలదనియు క్రైస్తవుల నమ్మకము. ఆ ఆదిని తర్కముచేతనే రుజువు చేయవచ్చునని కొందరు పండితులు వాదించిరి. తోమాసు అక్వీనాసు ఒప్పుకొనలేదు. ఆయన సన్యాసి, లోకమునకు ఆది కలదని మనసార నమ్మినవాడు. అయినను, అది విశ్వాసమువలన గ్రహింపదగినదే గాని తర్కమునకు అందునది కాదనియు, బలములేని యుక్తులను తెచ్చి నిలిపినచో అవిశ్వాసులు నవ్వుదురనియు హెచ్చరించెను. దేవుడు కలడనుటకు హేతువు చాలునని చెప్పినవాడును ఆయనయే. కావున ఆయన హేతువును చిన్నచేయలేదు; దానిచేత దొంగసాక్ష్యము చెప్పింపలేదంతే. ఆయన తర్కమంతటికంటె ఈ నిజాయితీయే నాకు గొప్పగా తోచును.

సుమారు ఏడువందల యేండ్లకు ఆ ప్రశ్నయే మరల లేచెను. జార్జి లెమేత్రు 1894లో బెల్జియములో పుట్టెను. మొదటి ప్రపంచయుద్ధమున ఫిరంగిదళములో పనిచేసి, 1923లో గురుపట్టము పొందెను. విశ్వము విస్తరించుచున్నదని 1927లో గణితముతో చూపెను. ఐన్‌స్టీను అప్పటికి నమ్మలేదు. 1931లో లెమేత్రు మరియొక అడుగు వేసి, విశ్వమంతయు ఒక ఆదిమ పరమాణువు పగులుటవలన కలిగినదని ఊహించెను. ఊహించినవాడు మతగురువగుటచే, బైబిలునే గణితములోనికి దొంగచాటుగా తెచ్చుచున్నాడని శంకించినవారును లేకపోలేదు.

1951 నవంబరులో పోపు 12వ పయసు వాటికను విజ్ఞాన పరిషత్తులో ప్రసంగించుచు, నూతన ఖగోళశాస్త్రము సృష్టికి సాక్ష్యమిచ్చుచున్నదన్నట్లు పలికెను. సామాన్యుడైనచో పొంగిపోవును. ఆ పరిషత్తులో సభ్యుడైన లెమేత్రు నొచ్చుకొనెను! శాస్త్రసిద్ధాంతము నేడు నిలిచి రేపు కూలవచ్చును. దానికి కట్టిన విశ్వాసము గతి యేమి? మరుసటియేడు ఖగోళశాస్త్రజ్ఞులతో మాటలాడినప్పుడు పోపు ఆ వాదమును తిరిగి ఎత్తలేదు. తన సిద్ధాంతము మతప్రశ్నల కావలిదనియు, దేవుని కాదనువాడును దానిని నిరభ్యంతరముగా గైకొనవచ్చుననియు లెమేత్రు 1958లో బ్రస్సెల్సులోని శాస్త్రజ్ఞుల సభలో స్పష్టముగా చెప్పెను. ఇట్టివానిని శ్రీసభ వెలివేయలేదు. 1960లో ఆ పరిషత్తునకే అధ్యక్షునిగా చేసినది.

ఈ గట్టు దాటినందుకు రోము ముందే మూల్యము చెల్లించియుండెను. 1633లో గెలీలియోకు శిక్ష విధించిన న్యాయాధిపతులు పొరబడిరని 1992లో రెండవ జాన్ పాల్ పోపు ఒప్పుకొనవలసివచ్చెను. (పురాణములలో విమానమును చూచి శాస్త్రము గెలిచినదని మురియు మనవారును ఈ కథ చదువవచ్చును.)

విశ్వపు బాల్యమునాటి వేడికి శేషమైన వికిరణము ఆకాశమంతట నిండియున్నదని 1965లో వెల్లడియయ్యెను. ఆ వార్త రోగశయ్యపైనున్న లెమేత్రునకు చేరినది, ఆయన సంతోషించెను. 1966 జూను 20వ తేదీన కన్నుమూసెను.