మధుమేహము - స్ట్రిప్పుల లెక్క



మధుమేహమునకు ఇన్సులిను సూది వేసికొనువారు మన మదనపల్లె, పుంగనూరు, కుప్పము పల్లెలలోను గలరు. 1921లో టొరాంటో నగరమున కనుగొనబడిన యీ మందు ఎందఱికో ప్రాణదాన మొనర్చినది. అయినను మోతాదు మీఱిన నదియే ప్రాణాపాయము. రక్తమున చక్కెర యెంతయో చూడక సూది వేసికొనుట చీకటిలో బావిగట్టున నడచుటయే.

నా మందుచీటిలో ఇన్సులినునకు లెక్క గలదు, స్ట్రిప్పులకు లేదు. దినమునకు నాలుగు పరీక్షలైన నెలకు 120 కావలయును. 50 స్ట్రిప్పుల డబ్బా పండ్రెండు దినములు దాటగనే తీఱును. పిమ్మట పలువురు పరీక్షయే మానివేయుదురు.

తెల్లవాఱుజామున టమోటాలతో మదనపల్లె మార్కెట్టునకు బోవు రైతును దలపుడు. సూది వేసికొనినాడు, బేరములో సంగటి యాలస్యమైనది. చెమట, వణకు! స్ట్రిప్పు వేసి చూచిన 70కి దిగువ. మూడు చెంచాల చక్కెర తిని, పదునైదు నిమిషములకు మరల చూడవలయును. ఒక్క గండమునకే రెండు స్ట్రిప్పులు! (స్ట్రిప్పు లేకున్నచో ముందు చక్కెర తినుడు.) ఆరోగ్యకేంద్రమున పరీక్ష చేయుదురు, నిజమే, అర్ధరాత్రమున వణకు పుట్టిన నేమి చేయుదుము?

బ్రిటను దేశమున ఇన్సులిను వాడువారికి వైద్యుని చీటిపై స్ట్రిప్పు లుచితముగా లభించును. ఇచట 2025 సెప్టెంబరు 22 నుండి వానిపై పన్ను 12 శాతమునుండి 5కు తగ్గినది, బిల్లులో జూచుకొనుడు. మాత్రలతో సరిపోవువారికి సాధారణముగా నిన్ని యక్కఱలేదు. కావున “నాకు నెలకెన్ని?” యని వైద్యు నడిగి, ఆ సంఖ్యను చీటిపై వ్రాయించుకొనుడు. డబ్బామూత బిగించి యుంచుడు. తేమ తగిలిన స్ట్రిప్పు తప్పులెక్క చూపును.