పాత రూపాయికి పండుగ ధర

పండుగలు సమీపించగానే చేతి ఫోనులలో తగ్గింపు ధరల ప్రకటనలు వెల్లువెత్తును. చీరకో, కుక్కరుకో ఆ తగ్గింపు సహజమే. నిలువ సరకును వర్తకుడు వదలించుకొనవలెను గదా! మరి పాత నాణెములను సేకరించువారి మాట ఏమి?

చార్మినారు ముద్రగల నిజాము వెండి రూపాయినే తీసికొందము. 1911లో గద్దెనెక్కిన ఉస్మాన్ అలీఖాన్ కాలపు ఈ నాణెమును నేడెవరును క్రొత్తగా ముద్రింపరు. కావున దాని వెలను నిర్ణయించునది పండుగ కాదు. ముద్రించిన సంవత్సరము, అచ్చు స్ఫుటత్వము, వెండి ధర. తొలినాటి రూపాయిలో నూటికి సుమారు 82 పాళ్లు వెండి ఉండగా, 1940లలో అది సగమునకు దిగినది. రెంటిమీదను చార్మినారే! ఫోనులోని బొమ్మ ఈ భేదమును చెప్పదు.

అయిదువేలు కొట్టివేసి మూడువేలని వ్రాసినంతనే రెండువేలు మిగిలినట్లు కాదు. ఆ అయిదువేలకు ఎన్నడైనను ఎవరైనను కొనిరా?

మేము చెప్పునది ఇంతే. పండుగకు మూడు నెలల ముందునుండి, అడిగిన ధరలను గాక, అమ్ముడుపోయిన ధరలను వ్రాసి ఉంచుకొనుడు. పాతబస్తీలో మహబూబు చౌకు ప్రాంతమునకు పోయి, అట్టి నాణెమును చేతబట్టి చూడుడు. అరగనిది 11 గ్రాములకు కొంచెము పైగా తూగవలెను. మీరు వ్రాసికొన్న ధరకంటె పండుగ ధర నిజముగా తగ్గినచో, అప్పుడు కొనుడు.

జూను నెలలో పిల్లల ఫీజులకై అమ్మమ్మగారి రూపాయలను అమ్మజూపు ఇల్లాలికిని ఆ కాగితమే అండ. తెలిసిన ధర ఉభయులను కాపాడును.