చదువు ముగిసిన మరునాడు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదేండ్లు నిండిన మన గ్రంథాలయమునకు జరుగు ఈ పండుగలో నన్ను కూడ నాలుగు మాటలు చెప్పుమని పెద్దలు ఆదేశించిరి. జమాఖర్చులు వ్రాసికొను నాకు వేదిక యెక్కుట అలవాటు లేదు. నేను గురుముఖమున చదివినవాడను కాను. ఈ బీరువాలలోని పుస్తకములే నాకు గురువులు. అయినను పుస్తకముల పండుగనాడు, పుస్తకము ఒంటరిగా చేయజాలని పనిని గూర్చి మాటలాడదలచితిని. దీనిని అపచారముగా తలంపవలదని ప్రార్థన.

వైద్యవిద్య నేర్చి పట్టము పుచ్చుకొన్న క్రొత్తవారిని పనిలో ప్రవేశపెట్టుట యెట్లు? ఇదియే నా విషయము. అందును డాక్టర్లను గూర్చి కాదు. డాక్టరు చేయు పనిలో కొంత భాగమును తామే చేయుటకు అధికారము పొందిన వైద్య సహాయకులను, నర్సులను గూర్చి చెప్పెదను. మన ఆరోగ్య ఉపకేంద్రమునకు అట్టి అమ్మాయి ఒకతె వచ్చినది. మన ప్రాంతపు పిల్లలు కొందరు అమెరికాలో ఇట్టి ఉద్యోగములే చేయుచున్నారు. కావున ఇది మనకు పరాయి ముచ్చట కాదు.

ఈ ఉద్యోగములకు పుట్టిల్లు అమెరికా దేశమే. అక్కడ పల్లెలకు, సామాన్య చికిత్సకు డాక్టర్లు చాలకపోగా 1965లో రెండు ప్రయత్నములు మొదలైనవి. ఉత్తర కెరోలినాలోని డ్యూక్ విశ్వవిద్యాలయమున యూజీన్ స్టెడ్ అను వైద్యాచార్యుడు, నౌకాదళమున వైద్యసేవ చేసి వచ్చిన నలుగురిని చేర్చుకొని ఫిజీషియన్ అసిస్టెంటు విద్యను ఆరంభించెను. 1967లో వారిలో ముగ్గురు పట్టము పొందిరి. ఆ 1965లోనే కొలరాడో విశ్వవిద్యాలయమున లొరెట్టా ఫోర్డ్ అను నర్సు, హెన్రీ సిల్వర్ అను శిశువైద్యుడు కలిసి నర్సు ప్రాక్టీషనరు విద్యకు పునాది వేసిరి. ఆ ఫోర్డమ్మగారు నిండుగా 104 ఏండ్లు జీవించి 2025లో పరమపదించిరి.

ఇందొక విశేషము గమనింపుడు. స్టెడ్ పండితుడు చేర్చుకొన్నవారు అప్పటికే గాయములకు కట్లు కట్టి చేయి తిరిగినవారు. వారికి పని ముందు, శాస్త్రము వెనుక. నేడు చాలమందికి అంతటి పూర్వానుభవము లేదు. ఫిజీషియన్ అసిస్టెంటు చదువు అక్కడ సుమారు 27 నెలలు. వైద్యపట్టము పొందిన డాక్టరు సైతము ఆపైన కనీసము మూడేండ్లు పెద్దల కనుసన్నల పని నేర్చును. ఈ సహాయకులకు అట్టి నిర్బంధ శిక్షణ లేదు. నేడు పట్టము, కొలది కాలమునకే రోగుల వరుస.

చదువుకును పనికిని నడుమగల ఈ అగడ్తను మన పూర్వులు ఎరుగనివారు కారు. చరకుడు వైద్యునకు నాలుగు గుణములు చెప్పినాడు: శాస్త్రమందు నిర్మలమైన జ్ఞానము, చికిత్సను పలుమారులు కన్నులార చూచిన అనుభవము, నేర్పు, శుచి. చూచిన అనుభవమును శాస్త్రజ్ఞానముతోపాటు ఎంచినాడు గాని దానికి అనుబంధముగా ఎంచలేదు. సుశ్రుతుడు ఇంకను ముందునకు పోయి, శస్త్రము పట్టు శిష్యునిచేత మొదట గుమ్మడి, సొర, దోసకాయలను కోయించవలెనన్నాడు. శాస్త్రము మాత్రమే తెలిసినవాడు రోగిని చూచి, యుద్ధమందు పిరికివానివలె కలవరపడునని కూడ హెచ్చరించినాడు.

ఈ పిరికివాడు మనకు చిరపరిచితుడే. వానలు కురియకున్న విరాటపర్వము చదివించు ఊళ్లు మనవి. ఉత్తరకుమారుని ఎరుగనివారు మనలో ఎవరున్నారు? అంతఃపురమున స్త్రీల యెదుట, సారథి యొక్కడు దొరకెనా కౌరవులను గెలిచి వత్తునన్నాడు. సేనను చూడగనే రథము దిగి పరుగెత్తినాడు. మనము ఇంతవరకు చదివి నవ్వి ఊరకుందుము. కాని అటుపై బృహన్నల చేసినదేమి? పరుగెత్తువానిని పట్టి తెచ్చినది. ఇంటికి పొమ్మనలేదు, ఒంటరిగా పోరాడుమనియు అనలేదు. జమ్మిచెట్టు నెక్కించి ఆయుధములు దింపించినది. ఏ విల్లు ఎవరిదో ఒక్కొక్కటిగా చెప్పినది. ఆ పిమ్మట పగ్గములు చేతికిచ్చినది. యుద్ధభూమిలో ఏ ధ్వజము ఏ వీరునిదో చూపుచు రథము తోలించినది. వాడు చేయగల పని వానికి, చేయలేని పని తనకు. ఉత్తరునికి కొరవడినది శౌర్యమో కాదో నేను చెప్పజాలను. తొలినాడు ప్రక్కన నిలుచు మనిషి మాత్రము నిశ్చయముగా కొరవడినాడు.

నా వృత్తిలోను ఇదియే చూచితిని. నేను లెక్కలలో చేరిన క్రొత్తలో నాకు పని నేర్పిన వృద్ధుడు ఒక నియమము పెట్టెను. తెలిసిన పద్దు సిరాతో వ్రాయవలెను. సందేహమున్న పద్దు పెన్సిలుతో వ్రాయవలెను. సాయంకాలము ఆయన పెన్సిలు పద్దులన్నియు చూచి, కారణము అడిగి, సరియైనచో నాచేతనే సిరా దిద్దించెడివాడు. ఒకనాడు నామోషీపడి, సందేహమున్నను సిరాతోనే వ్రాసితిని. ఆ తప్పు మూడు నెలల నిల్వలలో ప్రాకి, దానిని ఏరుటకు పదునాలుగు రాత్రులు పట్టినది. ఆయన కోపపడలేదు. "పెన్సిలు ఉన్నది ఎందులకు?" అని మాత్రము అడిగెను. ఖాతాలో తప్పును ఎప్పటికైనను దిద్దవచ్చును. రోగి దేహమున వ్రాసిన సిరాను ఎవరు దిద్దగలరు?

అమెరికాలో ఈ సంగతి గ్రహించినవారు తొలి సంవత్సరమునకు ఒక క్రమము ఏర్పరచుచున్నారు. కనెక్టికట్ రాష్ట్రమున పేదలకు వైద్యము చేయు ఒక సంస్థలో మార్గరెట్ ఫ్లింటర్ అను నర్సు ప్రాక్టీషనరు 2007లో క్రొత్తవారికై పండ్రెండు నెలల శిక్షణ నెలకొల్పినది. అనుభవజ్ఞుల పర్యవేక్షణలో రోగులను చూచుట, ప్రత్యేక వైద్యశాఖలలో తిరిగి నేర్చుట, పాఠములు వినుట అందలి భాగములు. అట్టి శిక్షణ లేనిచోట్లను మంచి వైద్యశాలలు పాటించు పద్ధతులు కొన్ని కలవు.

మొదటిది, రాకపూర్వపు పని. లైసెన్సు, బీమా సంస్థలలో నమోదు మున్నగు కాగితములకు వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు పట్టును. వానిని ముందే ఆరంభించి, మనిషి వచ్చునప్పటికి గది, బల్ల, పేరు సిద్ధపరుపవలెను. రెండవది, ఏ పని చేయవచ్చునో, ఏది చేయరాదో వ్రాతమూలముగా ఇచ్చుట. మూడవది, తొలి దినములలో కొద్దిమంది రోగులను, ఒక్కొక్కరికి ఎక్కువ సమయమును ఇచ్చి, నేర్పు పెరిగిన కొలది సంఖ్యను పెంచుట. నాలుగవది, సందేహము కలిగిన ఎవరిని అడుగవలెనో ఒక్క మనిషిని పేరు పెట్టి నిర్ణయించుట. అందరిని అడుగవచ్చునన్నచో ఎవరిని అడుగరాదన్నట్లే. ఆ పెద్దకు కూడ ఇందుకై తీరిక కల్పింపవలెను. తన రోగులతో తలమునకలైనవాడు ఇతరుల పెన్సిలు పద్దులు చూడజాలడు. ఐదవది, చికిత్స వ్రాతలను మొదట అన్నియు, పిదప కొన్ని, తుదకు కఠినమైనవి మాత్రము కలిసి పరిశీలించుట.

ఆరవది రోగులకు సంబంధించినది: తమను చూచునది ఎవరో వారికి దాపరికము లేక చెప్పుట. ఇంగ్లండులో దీనిపై పెద్ద వివాదము రేగినది. ప్రభుత్వము కోరగా జిలియన్ లెంగ్ అను వైద్యురాలు విచారించి 2025 జులైలో నివేదిక సమర్పించినది. అక్కడ "ఫిజీషియన్ అసోసియేటు" అను పేరు డాక్టరను భ్రమ కలిగించుచున్నదని, మరల "అసిస్టెంటు" అనియే పిలువవలెనని అందు సూచించినది. క్రొత్తగా పట్టము పొందినవారు కనీసము రెండేండ్లు పెద్ద ఆసుపత్రులలో పనిచేసిన తరువాతనే ఊరి డాక్టరు చికిత్సాలయములకు రావలెనని కూడ అన్నది. ఏలయన ఆసుపత్రిలో ప్రక్కగదిలోనే పెద్దవారుందురు. రోగి కూడ చాలవరకు పేరు తెలిసిన వ్యాధితో వచ్చును. చిన్న చికిత్సాలయమునకు వచ్చు రోగి "ఒంట్లో బాగులేదు" అని మాత్రమే చెప్పును. అందు పడిశమును ఉండవచ్చును, ప్రాణాంతకమును ఉండవచ్చును.

ఇక మన దేశము సంగతి. 2018లో ఆరంభమైన ఆయుష్మాన్ భారత్ పథకమున ఉపకేంద్రములకు కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్లను నియమించుచున్నారు. మన ఆంధ్రప్రదేశమున వీరు బి.ఎస్సీ. నర్సింగు చదివినవారు. మైదాన ప్రాంతమున ఉపకేంద్రమొక్కటికి సుమారు 5,000 మంది, కొండ ప్రాంతమున 3,000 మంది. రక్తపుపోటు, మధుమేహము పరీక్షించుట మొదలు గర్భిణుల సంరక్షణ వరకు పని. అమెరికాలో క్రొత్తవారి ప్రక్కగదిలో డాక్టరు ఉండవచ్చును. ఇక్కడ డాక్టరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున, కొన్ని మైళ్ల దూరమున నుండును. నడుమనున్నది ఫోను. ఆ ఫోనే ఇక్కడ బృహన్నల.

ఇప్పుడొక తప్పు ఒప్పుకొనవలసియున్నది. గడచిన వేసవిలో మా అన్నగారికి కడుపు పైభాగమున మంట, చెమటలు పట్టగా ఉపకేంద్రమునకు తీసికొనిపోతిని. ఆ అమ్మాయి ఉద్యోగమున చేరి మూడు నెలలు కాలేదు. నేను గ్యాసు బిళ్ళ ఇమ్మంటిని. ఆమె నాడి చూచి, రక్తపుపోటు చూచి, ఫోను చేతికి తీసికొన్నది. నలుగురు వినుచుండగా, "బిళ్ళ ఇవ్వడానికి కూడ డాక్టరు నడగవలెనా?" అంటిని. ఆమె ముఖము చిన్నబోయినది కాని ఫోను దింపలేదు. "తెలియనప్పుడు అడగాలి బాబాయిగారూ, ఒక్క నిమిషం" అన్నది. డాక్టరుగారు చెప్పిన మందు వేసి, 108 బండిని పిలిపించినది. పట్టణమున పరీక్షించి, గుండెపోటు అనిరి. మా అన్నగారు ఈ సభలో మూడవ వరుసలో కూర్చున్నారు.

తరువాత ఆమె యింటికి పోయి క్షమాపణ చెప్పుకొని, అంతటి ధైర్యము ఎట్లు వచ్చినదని అడిగితిని. చేరిన తొలివారమున డాక్టరుగారు ఒక మాట చెప్పినారట: "నీవు ఫోను చేసినందుకు నేనెన్నడును విసుగుకొనను. చేయవలసినప్పుడు చేయకున్న మాత్రము ఊరకుండను." మహాజనులారా! క్రొత్తవారిని పనిలో ప్రవేశపెట్టు విద్య అంతయు ఈ రెండు వాక్యములలో ఉన్నది. తక్కిన క్రమములన్నియు ఈ మాట నిలుచుటకు వేసిన గుంజలు.

కాని ఆ డాక్టరుగారు ఇచ్చిన ధైర్యమును నేను నా యెగతాళితో తీసివేయబోయితిని. ఆమె మరికొంచెము బిడియస్థురాలైనచో ఏమగునో తలచుకొన్న నేటికిని నాకు నిద్రపట్టదు. క్రొత్తవారిని తీర్చునది ప్రభుత్వము, డాక్టరు మాత్రమే కారు. ఎదుట బల్లపై కూర్చున్న మనము కూడ. అడిగినవారిని తెలియనివారని, అడుగక మందిచ్చినవారిని గొప్పవారని మెచ్చు ఊరిలో పెన్సిలు పట్టుటకు ఎవరు సాహసింతురు?

కావున నా మనవి ఒక్కటే. ఇకమీదట ఆ అమ్మాయి ఫోను తీసినప్పుడు మనము గొంతు తగ్గించి కూర్చుందము. ఈ గ్రంథాలయము పిల్లలకు చదువు చెప్పినది. చదువు ముగిసిన మరునాడు వారి ప్రక్కన నిలుచు పని ఊరిది. మన గ్రంథాలయము స్వర్ణోత్సవము కూడ జరుపుకొనవలెనని కోరుచున్నాను.