పడవలో ఏది ఎక్కడ పెట్టాలి
(ఉగాది సభలో చేసిన ప్రసంగం)



మా సిరోంచ ప్రాంతాన్ని గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరినప్పుడు, కాళేశ్వర ముక్తేశ్వరస్వామిని గురించో, ప్రాణహిత గోదావరుల సంగమాన్ని గురించో మేము మాట్లాడతామని వారు అనుకొని వుంటారు. అవి తప్పక చెప్పదగినవే. కాని 2027 గోదావరి పుష్కరాలకు మన సభ్యులందరం కుటుంబాలతో కలిసి పోవాలని కిందటి సమావేశంలో అనుకున్నాము గదా. అంతదూరం పోయి పడవ ఎక్కకుండా తిరిగివచ్చేవారు ఎవరుంటారు? అందుచేత చిన్న పడవలో సామాను ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు అనే ఒక చిన్న విషయం మీద మాట్లాడదలచాము. నవ్వేవారు నవ్వవచ్చు. 1988 వరకు మేమూ నవ్వినవాళ్ళమే.

మా వూరు ఎరుగనివారి కోసం ఒక మాట. వార్ధా, వైనగంగ కలిసి ప్రాణహిత అవుతున్నవి. ఆ ప్రాణహిత సుమారు 113 కిలోమీటర్లు ప్రవహించి, మా సిరోంచ దాటగానే గోదావరిలో కలుస్తుంది. మేముండేది ఎడమ గట్టు, మహారాష్ట్ర. ఎదుట కుడి గట్టున కాళేశ్వరం, అది తెలంగాణ. ఇంకా దిగువకు పోతే సోమనూరు దగ్గర ఇంద్రావతి వచ్చి కలుస్తుంది, ఆ పైన ఛత్తీస్‌గఢ్. 1860లో నిజాం ప్రభుత్వం మా గట్టును ఇంగ్లీషువారికి వదలింది. 1982లో చంద్రపూర్ నుంచి విడిపోయి గడ్చిరోలి జిల్లా ఏర్పడింది. ఇన్ని మారినా ఇంట్లో మాట మాత్రం తెలుగే. పిల్లనిచ్చేది, తెచ్చుకునేది ఆవలి గట్టునుంచే. గోదావరిమీద వంతెన వచ్చింది 2016లో. అంతకు ముందు పెండ్లి అయినా చావు అయినా నావ మీదనే.

మా నదిమీద సామాను ఎక్కించి దింపే కష్టాన్ని పెద్ద పెద్ద ఇంజనీర్లే అనుభవించారు. నాగపూరు, బేరారు ప్రత్తిని నీటిమీదనే సముద్రానికి చేర్చాలని కాటన్ దొరగారి కాలంలో తలపెట్టారు. దారిలో రాతి అడ్డులు మూడు. మొదటిది దుమ్ముగూడెం, రెండవది ఇంచంపల్లి, మూడవది దేవలమర్రి. ఆనాడు ఎగువ గోదావరి జిల్లాకు మా సిరోంచే ముఖ్యపట్టణం. ఎంతో డబ్బు పోసి, చివరకు 1871లో పని మానుకున్నారు. స్టీమర్లు రాలేదు గాని మా నాటుపడవలు మాత్రం మిగిలినవి.

ఆ పడవలు నడిపిన ఒక ముసలాయనను మేమందరం తాత అనే పిలిచేవాళ్ళం. ఆయన చదువుకున్నవాడు కాడు. కాని ఆయన నావలో ప్రతి వస్తువుకూ ఒక చోటు వుండేది. వెదురు గడలు రెండు పడవ పొడుగునా, అంచును ఆనుకొని, కొనలు బయటకు పొడుచుకురాకుండా పడుకొని వుండేవి. అడ్డంగా పెట్టనిచ్చేవాడు కాడు. అడ్డంగా వున్న గడ ఒడ్డుకు తగిలితే పడవ తిరగబడుతుంది, లేకపోతే కాళ్ళకు అడ్డం పడుతుంది. తాడు చుట్ట చుట్టి అణియంలో, అంటే పడవ ముందు కొసన, పెట్టేవాడు. నీళ్ళు తోడే డబ్బాను వెనుక అమరంలో తన మోకాలికి తగిలేటట్టు పెట్టుకొని, చిన్న తాడుతో కట్టేవాడు. బియ్యం మూటలు, బిందెలు నడుమ, అడుగుకు ఆనించి పెట్టించేవాడు. పరుపులు, గంపలు వాటిమీద. మనుషులు ఎక్కిన తరువాత నీటికి పైన అంచు ఒక జానెడైనా మిగిలిందా లేదా అని చేయి పెట్టి చూసేవాడు. మిగలకపోతే ఎవరో ఒకరు దిగవలసినదే, పటేలైనా సరే.

ఇందులోని కారణం మాకు చాలాకాలం తరువాత తెలిసింది. బరువు కిందను, నడుమను వుంటే పడవ ఒక ప్రక్కకు ఒరిగినా తిరిగి లేస్తుంది. బరువు పైన వుంటే ఒరిగిన వైపుకే ఇంకా లాగుతుంది. కట్టని సామాను మరీ ప్రమాదం. పడవ ఒరగగానే అది పల్లానికి జారుతుంది. జారిన బరువుకు పడవ మరింత ఒరుగుతుంది. అడుగున చేరిన నీరు కూడా అటువంటిదే. పాదం తడిసేటన్ని నీళ్ళే గదా అనుకుంటాము. ఆ నీళ్ళే అన్నిటికంటె తొందరగా పల్లానికి పరుగెత్తే బరువు.

ఇక 1988 శ్రావణం. మహాదేవపూర్ వైపునుంచి పిల్లను తెచ్చుకొని తిరిగి వస్తున్నాము. వరద కొంచెం తగ్గిన రోజు. వొడిబియ్యం, సారె గంపలు, ఇత్తడి బిందెలు, రెండు పరుపులు, వీటికి తోడు ఒక ఇనుప పెట్టె. పెట్టెలో నగలు లేవు, మా భూమి కాగితాలున్నవి. ఏదో పొలం తగాదా మాట్లాడటానికి మా పెద్దాయన వాటిని వెంట తెచ్చారు. పెట్టె కంటి ఎదుట వుండాలని ఆయన పట్టు. దానిని అణియంలో తాడు చుట్టమీద పెట్టించారు. పరుపులు తడుస్తాయని ఆడవాళ్ళు వాటిని అమరంలో కుక్కారు.

"బాపూ, పెట్టె నడుమ పెట్టుండ్రి. ఆ డబ్బా మీద ఏం పెట్టకుండ్రి," అన్నాడు తాత.

"నువ్వు నావ నడుపు తాతా, సామాను మేం చూసుకుంటాం," అన్నాము మేము. అన్నది ఒక్కరు కాదు, నలుగురైదుగురం కలిసే అన్నాము. అందుచేత ఇందులో తాత తప్పేమీ లేదని ముందే చెప్పుకుంటున్నాము.

నడుమకు వచ్చేసరికి మునిగివున్న రాయి ఏదో అడుగున గీసుకుంది. చప్పుడు కూడా పెద్దగా కాలేదు. పలకల సందునుంచి నీరు ఊరసాగింది. తాత చేయి డబ్బాకోసం పోయింది. డబ్బా పరుపుల కింద వుంది, పరుపులమీద ముగ్గురు ముత్తయిదువలు కూర్చొని వున్నారు. లేవండి అంటే ముగ్గురూ ఒక్కసారే లేచారు. అప్పుడు పడవ ఒరిగిన తీరు ఇవాళ తలచుకున్నా మాకు నోట మాట రాదు. కొత్త పెండ్లికూతురు, ఆ పిల్ల మాత్రమే, కూర్చున్నచోటునుంచి కదలకుండా సారె బిందె వంచి అందులోని సామాను ఒళ్ళో పోసుకొని, బిందెతో నీళ్ళు తోడటం మొదలుపెట్టింది. ఆమె ఇవాళ ఈ సభలోనే వున్నారు. పేరు చెప్పవద్దన్నారు.

తాడు విసురుదామంటే దానిమీద పెట్టె. పెట్టెను లాగినవాడు ఆత్రంలో అంచుకు తోశాడు, అది కాస్తా నీళ్ళలో పడింది. పెట్టె పోయిన తరువాత తాడు దొరికింది. ఇసుకతిన్నె మీద నిలబడివున్న జాలరులు దానిని అందుకొని మమ్ములను లాగారు. మనుషులందరం బ్రతికాము. కాగితాలు గోదావరి పాలయినవి. వాటి నకళ్ళకోసం రెండువందల కిలోమీటర్లకు పైన వున్న జిల్లా కేంద్రానికి మా పెద్దాయన ఎన్ని పర్యాయాలు తిరిగారో లెక్కలేదు. ఆ పెట్టె మాట ఆయన మళ్ళీ ఎన్నడూ ఎత్తలేదు.

ఈ సంగతి ఈమధ్య మళ్ళీ ఎందుకు జ్ఞప్తికి వచ్చిందంటే, మా చుట్టాల కుర్రవాడొకడు అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలో వుంటాడు. నీటి మీద స్కీలతో జారే ఆట పుట్టినది ఆ రాష్ట్రంలోనే. 1922లో రాల్ఫ్ శామ్యూల్సన్ అనే కుర్రవాడు పలకల కొసలు ఉడకబెట్టి వంచి, వాటిని కాళ్ళకు తగిలించుకొని, మోటారు పడవ వెనుక పెపిన్ సరస్సుమీద నిలబడ్డాడు. సరస్సు అంటారు గాని అది మిస్సిసిపీ నది వెడల్పయిన చోటే. మా కుర్రవాడు ఒక చిన్న స్కీ పడవ కొని, సెలవులకు వచ్చినప్పుడు దాని బొమ్మలు చూపించాడు. స్కీలు ఎక్కడ పెడతావురా అని అడిగాము. పడవ నేలకింద, నడుమ, పొడుగునా ఒక గూడు వుంటుందట. స్కీలు అందులో పడుకుంటాయి. కింద రెక్కవంటిది పదునుగా వుంటుంది కాబట్టి దానికి తొడుగు వేస్తారు. లాగే తాడును చుట్ట చుట్టి కట్టి పెట్టాలి, వదులుగా వుంటే జారి పంకాకు చుట్టుకుంటుంది. తడిసిన సామాను మూసిన గూట్లోనే వుంచితే బూజు పడుతుంది, ఇంటికి రాగానే తీసి నీడన ఆరబెట్టాలి. అంతా విని, మా తాత నీకెప్పుడు కనిపించాడురా అన్నాము.

అతడు చెప్పిన మరొక సంగతి మాకు బాగా నచ్చింది. అక్కడి చట్టం ప్రకారం పడవలో ఎంతమంది వుంటే అన్ని లైఫ్ జాకెట్లు వుండాలి. వుంటే చాలదు, చేతికి అందేటట్టు వుండాలి. కొన్నప్పటి ప్లాస్టిక్ సంచి విప్పకుండా వుంచినా, తాళం వేసిన గూట్లో పెట్టినా అవి వున్నట్టు లెక్కకు రావు. పదహారడుగులు, అంతకు మించిన పడవలో నీళ్ళలో పడినవానికి విసరడానికి ఒక తేలుడు సాధనం కూడా వుండాలి, అది తక్షణం చేతికి రావాలి. అంటే దానిమీద పరుపు వుండకూడదు!

మనవైపు ఏమి జరుగుతున్నదో మీరు పత్రికలలో చూస్తూనే వున్నారు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటకుల బోటు మునిగినప్పుడు బ్రతికి బయటపడినవారు 26 మంది. అంతకు కొంచెం ముందే చాలామంది లైఫ్ జాకెట్లు విప్పి పెట్టారని బయటపడినవారు చెప్పారు. 2024 జనవరిలో మా గడ్చిరోలి జిల్లాలోనే, చామోర్షి తాలూకాలో, మిరపకాయలు ఏరే కూలికి వైనగంగ దాటుతున్న ఆడవాళ్ళ పడవ బోల్తా పడి కొందరు పోయారు. వాళ్ళు విహారానికి పోయినవాళ్ళు కారు. వంతెనలు వచ్చినవి గదా ఇంకా పడవలెందుకు అని మనం పట్నంలో కూర్చొని అంటాము. వంతెన ఒకచోట వుంటుంది, చేను ఇంకొకచోట వుంటుంది.

ఇక మన ప్రయాణం మాట. ఇంటికి ఒక్క సంచి చాలునని మా మనవి. అది గుడ్డ సంచి కావాలి, ఇనుప పెట్టెలు, చక్రాల పెట్టెలు పడవలోకి వద్దు, బసలో వుంచండి. కాగితాలు, ఫోనులు, మందులు ప్లాస్టిక్ కవరులో కట్టి ఒంటిమీదనే వుంచుకోండి. పడవ నడిపేవాడు ఎక్కడ కూర్చోమంటే అక్కడ కూర్చోవాలి, చిన్నవాడని, చదువు లేనివాడని మనం సలహాలు చెప్పవద్దు. జాకెట్టు ఉక్కపోసినా విప్పవద్దు. పడవ ఎక్కగానే నీళ్ళు తోడే డబ్బా ఎక్కడుందో, తాడు ఎక్కడుందో పిల్లలచేత వెతికించండి. వాళ్ళకు అదొక ఆట, మనకంటె ముందు వాళ్ళే కనిపెడతారు. రాదలచినవారు ఈ సాయంకాలం ఫలహారాల తరువాత కార్యదర్శిగారి వద్ద పేర్లు వ్రాయించండి. ఈత వచ్చినదీ రానిదీ పేరు ప్రక్కనే వ్రాయించడం మరువవద్దు.