తీగకును ప్రోగ్రామునకును నడుమ లేఖకుడు

నేటి నా విషయము పేరు వినగానే కొందరు రేడియో కట్టివేయుదురేమో యని నాకు శంక కలదు. కంప్యూటరులో కెర్నెల్ అను మూలభాగమున్నది. అందులో టెర్మినల్ డ్రైవరునకును, లైన్ డిసిప్లిన్ అను దానికిని గల సంబంధమును గూర్చి నేను మాటలాడదలచితిని. పేర్లు పరభాషవి, వ్యవహారము మనమెరిగినదే. పూర్వము కచ్చేరి అరుగుమీద కూర్చుండి అర్జీలు వ్రాసిపెట్టు లేఖకుని చూచినవారికి ఇందులో చాలభాగము ముందే తెలిసినట్లు.

మొదట టెర్మినల్ అన నేమి? 1963లో అమెరికాలోని టెలిటైపు కంపెనీ మోడల్ 33 అను యంత్రమును తెచ్చెను. చూచుటకు టైపు మిషను వంటిదే. మీట నొక్కిన అక్షరము తీగవెంట కంప్యూటరునకు పోవును. కంప్యూటరు పంపినది తిరిగివచ్చి కాగితముపై అచ్చుపడును. వేగము సెకనుకు 10 అక్షరములు. 1969లో బెల్ ప్రయోగశాలలో కెన్ థామ్సన్, డెన్నిస్ రిచీ మొదలగువారు యునిక్సు అను వ్యవస్థను ఆరంభించిన కాలమున కంప్యూటరుతో మాటలాడుటకు ఇట్టి యంత్రములే వాడుకలో నుండెను. అవి నేడు వస్తుప్రదర్శనశాలలకు చేరినవి. అయినను, 1991లో ఫిన్లండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్సులో, నల్లని తెరపై టైపు చేయు మార్గమును ఇప్పటికిని 'టీటీవై' అనియే పిలుచుచున్నారు. అవి టెలిటైపు పేరుకు పొడి అక్షరములు. యంత్రము పోయినను పేరు పోలేదు.

ఈ మార్గమున ఇద్దరు పనివాండ్రున్నారు. మొదటివాడు డ్రైవరు. ఇతనిని బంట్రోతు అనుకొనుడు. తీగనుండి వచ్చిన అక్షరములను మోసికొనివచ్చుట, ఇచ్చినవానిని తీగపై వేయుట, ఇంతే యతని పని. ఏ అక్షరమునకు ఏ యర్థమో అతడెరుగడు, ఎరుగనక్కరలేదు. రెండవవాడు లైన్ డిసిప్లిన్, మన లేఖకుడు. లోపల కూర్చున్న అధికారి ప్రోగ్రాము. మనము తప్పు టైపు చేసి చెరుపుమీట నొక్కినచో, ఆ తప్పును అధికారి చూడనే చూడడు. లేఖకుడు తన చిత్తులో ఆ యక్షరమును కొట్టివేయును. పంక్తి ముగిసినదని మనము 'ఎంటర్' నొక్కినపుడే శుద్ధప్రతి లోనికి పోవును. కాగితముపై అచ్చైన అక్షరమును వెనుకకు తీయుటకు వీలులేని ఆ తొలి యునిక్సులో # గుర్తు వేసినచో ముందరి యక్షరము, @ గుర్తు వేసినచో పంక్తి యంతయు రద్దయ్యెడివి. ఇది అర్జీదారుడు "కాదు కాదు, ఆ మాట తీసివేయుము" అనుట వంటిది.

మరియొక వింత గమనింపుడు. మీట నొక్కగానే తెరపై అక్షరము కనబడుచున్నదిగదా, దానిని అక్కడ పెట్టినది మీట కాదు. అక్షరము బంట్రోతు చేతిమీదుగా లేఖకునికి చేరును. లేఖకుడు దానిని చిత్తులో వ్రాసికొని, ఒక నకలును అదే బంట్రోతు చేతికిచ్చి వెనుకకు పంపును. రహస్యపదము అడుగునపుడు అధికారి "నకలు పంపవద్దు" అని ముందుగా ఆజ్ఞాపించును. అందుచేతనే అప్పుడు మనమెంత నొక్కినను తెరపై ఏమియు కానరాదు. కొత్తవారు మీట పాడైనదని భయపడుదురు.

ఈ నకలు పంపుటలోనే పెద్ద చిక్కు దాగియున్నది. బంట్రోతు తన పెట్టెకు తాళమువేసికొని పనిచేయును. ఏలయన ఒకేసారి ఇద్దరు చేయి పెట్టినచో అక్షరములు కలగాపులగమగును. అతడు తాళము బిగించి, తాళపుచెవి మొలకు కట్టుకొని, అట్లే వచ్చి లేఖకునికి అక్షరము నందించెననుకొందము. లేఖకుడు వెంటనే నకలునిచ్చి "దీనిని పెట్టెలో వేయుము" అనును. పెట్టె తెరువవలెనన్న తాళము విడవలెను. ఈ అప్పగింత ముగిసినగాని తాళము విడువరాదు. నకలు పెట్టెలో పడినగాని అప్పగింత ముగియదు! ఇద్దరును నిలువబడినచోటనే నిలువబడుదురు. యంత్రము కొయ్యబారును. ఎవరిదిని తప్పు కాదు. ఇద్దరును తమ తమ నియమమును పాటించినవారే. అందువలన ఒకప్పుడు సీరియల్ డ్రైవర్లు వ్రాయువారు అప్పగించుటకు ముందు తాళము విడిచి, అప్పగించి, మరల బిగించుకొనెడివారు. నేటి లినక్సులో బంట్రోతు అక్షరములను నడుమనున్న తొట్టిలో పోసి వెడలిపోవును. తరువాత వేరొక పరిచారకుడు తీరికగా వచ్చి వానిని లేఖకుని ముందుంచును. నా మట్టుకు నాకు ఈ వ్యవస్థలో మిక్కిలి బుద్ధిగల యేర్పాటు ఈ తొట్టియే యని తోచుచున్నది.

తక్కిన మర్యాదలును ఉన్నవి. లేఖకుని చిత్తుపుస్తకములో 4096 బైట్లకే చోటు. నిండవచ్చినపుడు "కొంచెమాగుము" అని డ్రైవరునకు చెప్పును, ఖాళీయైనపుడు "ఇక కానిమ్ము" అనును. బయటికి పంపునపుడు ఎంత చోటున్నదో డ్రైవరు నడిగి అంతయే ఇచ్చును. కంట్రోల్ మీటతో 'సి' నొక్కినచో 3 అను సంఖ్య వచ్చును. డ్రైవరునకు అదియు ఒక అక్షరమే. లేఖకుడు మాత్రము దానిని చిత్తులో వ్రాయక, ఎదుటనున్న ప్రోగ్రామునకు పని నిలుపుమని సంకేతమిచ్చును. అదుపుతప్పి పరుగిడుచున్న ప్రోగ్రామును ఆపుట కిదియే మొదటి పగ్గము. ఎడిటరు వంటి కొందరధికారులు "చిత్తు నేనే చూచుకొందును, వచ్చినది వచ్చినట్లు పంపుము" అందురు. అప్పుడతడు ఊరకుండును.

బంట్రోతును మార్చకయే లేఖకుని మార్చవచ్చును. అనేక పరికరములలో బ్లూటూతు చిప్పు ఇట్టి సీరియల్ తీగకే కట్టియుండును. అక్కడ మనుష్యుడు లేడు, చెరుపుమీట లేదు; కావున ఆ భాష తెలిసిన వేరొక లేఖకుని కూర్చుండబెట్టుదురు. డ్రైవరులో ఒక్క మాటయు మార్చనక్కరలేదు. పనులు వేరుచేసిన ఫలమిది.

అయితే దీనివలననే ఒక ప్రమాదమును వచ్చినది. హెచ్.డి.ఎల్.సి. అను అరుదైన వాడుకకు లినక్సులో ఒక లేఖకుడుండెను. 2009లో చేసిన మార్పువలన, ఒకే కాగితమును ఇద్దరు వేర్వేరుగా పారవేయుటకు వీలయ్యెను. ఆ సందు దొరికినచో సామాన్యుడైన వాడుకరి యంత్రమునకంతటికిని యజమాని కాగలడు. ఎనిమిదేండ్లకు, 2017లో, అలెగ్జాండర్ పొపోవ్ దానిని కనుగొని బయటపెట్టగా సరిదిద్దిరి. తాము ఎన్నడును వాడని వస్తువుతో ప్రమాదమెట్లని అడుగుదురు కాబోలు. ఏ వాడుకరియైనను ఆ లేఖకుని కోరినంతనే కెర్నెల్ తానే తెచ్చి కూర్చుండబెట్టెడిది! 2019లో వచ్చిన లినక్సు 5.1లో దీనిని నిలుపుటకు ఒక మీట నేర్పరచిరి.

మన భాషకు సంబంధించిన మాట యొకటి చెప్పి ముగింతును. 'తెలుగు' అను పదము మనకు మూడక్షరములు. కంప్యూటరు లెక్కలో హల్లులు, గుణింతపు గుర్తులు విడివిడిగా ఆరు. నేటి వాడుకలోని యూటీఎఫ్-8 పద్ధతిలో గుర్తునకు మూడు చొప్పున 18 బైట్లు. పూర్వపు లేఖకుడు చెరుపుమీటకు ఒక్క బైటును మాత్రమే తీసివేసి, అక్షరమును తునకలు చేసి యుంచెడివాడు. 2004లో లినక్సు 2.6.4లో ఇట్టి గుర్తును పూర్తిగా తీయు పద్ధతిని చేర్చిరి. ఇప్పుడు 'తె' వ్రాసి ఒకసారి చెరిపినచో చిత్తులో ఎత్వము పోయి 'త' మిగులును. కాని తెరపై ఒక గడి చెరుపుమని లేఖకుడు చెప్పును. ఎత్వము అక్షరపు నెత్తిమీదనే కూర్చుండు తెరలపై ఆ గడితో 'త' కూడ మాయమగును. కంటికి ఏమియు లేదు, చిత్తులో 'త' యున్నది. ఎంటర్ నొక్కినచో అధికారికి అదియే చేరును. ఇట్టి సందర్భమున నేను కంట్రోల్ మీటతో 'యు' నొక్కి పంక్తినంతయు చెరిపి, మొదటినుండి మరల టైపు చేయుదును.