నియమాలను ఎవరు చూసుకుంటారు?

(మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

"పగలంతా ఉక్కు పరిశ్రమలో మెయింటెనెన్స్ పని చేసి వస్తావు, రాత్రి మళ్లీ ఆ కంప్యూటర్ ముందు ఏం చేస్తావురా?" అని మిత్రులు అడుగుతుంటారు. ఆ జవాబు ఇవాళ చెబుతాను. డెబియన్ అనే స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్ ఒకటుంది. దానికోసం కొన్ని ప్యాకేజీలు చూసుకుంటాను. ప్యాకేజీ ఎలా ఉండాలో చెప్పే నియమావళి మీద జరిగే చర్చల్లో పాల్గొంటాను. దీనికి జీతం లేదు. ప్రపంచమంతటా ఈ పని చేసేవాళ్లలో చాలామంది నాలాంటి వాళ్లే.

ప్యాకేజీ అంటే ఏమిటో విశాఖ వాళ్లకు చెప్పడం తేలిక. మన ఔటర్ హార్బర్‌లో కంటైనర్లు దించే క్రేన్‌ను చూసే ఉంటారు. పెట్టెలో రొయ్యలున్నాయా, యంత్రాలున్నాయా అన్నది క్రేన్‌కు అనవసరం. పెట్టె కొలతలు, నాలుగు మూలల్లో కొక్కేలు పట్టే దిమ్మలు అన్నిచోట్లా ఒకేలా ఉంటే చాలు. సాఫ్ట్‌వేర్ ప్యాకేజీ కూడా అలాంటి పెట్టే. లోపల ఏ ప్రోగ్రామ్ ఉన్నా, దాని పేరు, వెర్షన్, అది పనిచేయడానికి ఇంకేం కావాలి, ఏ ఫైలు ఎక్కడికి వెళ్లాలి అన్నవి ఒకే పద్ధతిలో రాసి ఉండాలి. ఉక్కు కడ్డీల కట్టకు హీట్ నంబరు ఉన్న బిళ్ల కడతాం కదా, ఏ కడ్డీ ఏ కరుగు నుంచి వచ్చిందో రేపు వెతికి పట్టుకోవడానికి. ప్యాకేజీలో మార్పుల చిట్టా అందుకే ఉంటుంది.

డెబియన్‌ను 1993 ఆగస్టులో ఇయాన్ మర్డాక్ అనే విద్యార్థి మొదలుపెట్టాడు. 2025 ఆగస్టు 9న వచ్చిన 13వ విడుదలలో దాదాపు 70 వేల ప్యాకేజీలున్నాయి. ఉబుంటు దీని మీద కట్టినదే. చెన్నై సీడాక్ 2007లో తెచ్చిన బాస్ లినక్స్, మన తెలుగువాళ్ల స్వేచ్ఛ సంస్థ తెచ్చిన ఆపరేటింగ్ సిస్టమ్ కూడా దీని పునాది మీదే నిలబడ్డాయి. ఒకరి ముఖం ఒకరు చూడని మనుషులు చేసిన 70 వేల పెట్టెలు ఒక యంత్రంలో తగువులాడకుండా ఇమడాలంటే అందరికీ ఒక కట్టుబాటు ఉండాలి. దాని పేరు డెబియన్ పాలసీ. ఇయాన్ జాక్సన్, క్రిస్టియన్ స్వార్జ్ 1996-98 మధ్య దానికి రూపం ఇచ్చారు. ఇప్పటికీ మారుతూనే ఉంది.

అందులో నాకు బాగా నచ్చిన నియమం ఒకటి చెబుతాను. ప్రోగ్రామ్ సెట్టింగుల ఫైలును మీరు మీ అవసరానికి మార్చుకున్నారనుకోండి. కొత్త వెర్షన్ వచ్చినప్పుడు మీ మార్పును చెరిపేసే హక్కు ప్యాకేజీ చేసినవాడికి లేదు. రెండువైపులా మార్పు ఉంటే సిస్టమ్ ఆగి, "మీది ఉంచనా, కొత్తది పెట్టనా?" అని అడుగుతుంది. మీరేమీ చెప్పకుండా ఎంటర్ కొడితే మీదే ఉంటుంది. ఇల్లు ఎవరిదో వాళ్ల మాటే చెల్లాలి అన్నదే ఇందులోని మర్యాద. ఆ మర్యాదను ఎవరి మంచితనానికో వదిలేయకుండా నియమంగా రాసిపెట్టారు.

నియమాలన్నీ ఒకే బరువువి కావు. కొన్ని తప్పనిసరి, తప్పితే ఆ ప్యాకేజీ విడుదలలో చేరదు. కొన్ని పాటించాల్సినవి, కానీ తగిన కారణముంటే మినహాయింపు దొరుకుతుంది. కొన్ని కేవలం వెసులుబాట్లు. కొత్త నియమం కావాలంటే ఎవరైనా ప్రతిపాదించవచ్చు. దాన్ని బహిరంగంగా చర్చిస్తారు, ఇతర డెవలపర్లు బలపరచాలి. సాధారణంగా ముందు ఆచరణలో నిలదొక్కుకున్న పద్ధతే తర్వాత పాలసీలోకి ఎక్కుతుంది. జనం మాట్లాడే భాషను బట్టి వ్యాకరణం ఉండాలని మన ఉత్తరాంధ్ర గిడుగు రామమూర్తి గారు జీవితమంతా వాదించారు. ఆ వాదం తెలిసిన మనకు ఈ పద్ధతి కొత్తగా అనిపించదు.

పిల్లలకు తెలుగు ఉదాహరణ ఒకటి. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు చేసిన పోతన, వేమన ఫాంట్లు డెబియన్‌లో ఉన్నాయి. ఒకప్పుడు ఆ ప్యాకేజీ పేరు 'టీటీఎఫ్-తెలుగు-ఫాంట్స్'. తర్వాత ఫాంట్లన్నిటికీ ఒకే తీరు పేర్లు పెట్టాలనుకుని దాన్ని 'ఫాంట్స్-తెలు'గా మార్చారు. పాత పేరుతో పెట్టుకున్నవాళ్ల తెరమీద తెలుగు మాయమైపోకూడదు కదా! అందుకే పేరు మార్చేటప్పుడు పాత పేరు నుంచి కొత్తదానికి దారి వేయాలి. వాడేవాడికి ఆ మార్పు జరిగినట్టే తెలియదు. ఈ పని బాగా జరిగిందనడానికి గుర్తు అదే.

నియమాన్ని చూసుకోవడమంటే ఎప్పటికీ అంటిపెట్టుకోవడం కాదు. 1970ల తొలినాళ్లలో యూనిక్స్ యంత్రాల డిస్కులు చిన్నవి. ఒకదాంట్లో పట్టక ప్రోగ్రాములను రెండో డిస్కులోకీ పంచారు. డిస్కులు పెరిగినా ఆ పంపకం దశాబ్దాల పాటు ఆచారంగా మిగిలిపోయింది. దాన్ని వదిలించి రెండు చోట్లనూ కలిపేయడానికి డెబియన్‌లో ఏళ్ల తరబడి వాదోపవాదాలు నడిచాయి. నియమం పక్కన కారణం కూడా తెలిసి ఉంటేనే, ఆ కారణం పోయిన రోజు నియమాన్ని ధైర్యంగా తీసేయగలం.

ఇదంతా పనికిరాని పట్టింపు అనుకునేవాళ్లకు 2024 మార్చిలో జరిగింది చెప్పాలి. ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే చిన్న సాఫ్ట్‌వేర్ లోకమంతా వాడుతుంది. దాన్ని ఏళ్లుగా దాదాపు ఒక్క మనిషే, ఖాళీ సమయంలో మోస్తూ వచ్చాడు. సాయం చేస్తానని ఎవరో దగ్గరై, రెండేళ్లకు పైగా నమ్మకం సంపాదించి, చివరికి అందులో దొంగదారి పెట్టారు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆరా తీసి దాన్ని పట్టుకున్నాడు. అప్పటికే అది డెబియన్ పరీక్షా విభాగాల్లోకి చేరింది. స్థిరమైన విడుదలలోకి మాత్రం రాలేదు. కొత్త వెర్షన్ ఏదైనా మెట్టుమెట్టుగానే రావాలి, విడుదలైనదాన్ని ఊరికే కదపకూడదు అన్న కట్టుబాటు అక్కడ అడ్డుగా నిలిచింది.

అయితే నన్ను కలవరపెట్టేది ఆ ఒంటరి మనిషి సంగతి. ఆయన అలసిపోయాడు. పక్కన నిలబడేవాళ్లు లేరు. ఆ ఖాళీలోంచే దొంగ వచ్చాడు. మన ఊళ్లో ఇన్ని ఇంజనీరింగ్ కాలేజీలున్నాయి. ఈ సాఫ్ట్‌వేర్‌ను వాడుకుని ఉద్యోగాలు చేసే పిల్లలు ఇంటికొకరు ఉంటారు. చూసుకునే బాధ్యత తీసుకున్నవాళ్లను మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. కొలిమి దగ్గర మెయింటెనెన్స్‌కు మనిషి లేకపోతే షిఫ్టు నడపం కదా!

దీనికి పెద్ద చదువు అక్కర్లేదు. ఒక లోపం కనబడితే అది ఎలా వస్తుందో వివరంగా రాయడం మొదటి మెట్టు. ప్యాకేజీలో నియమం ఎక్కడ తప్పిందో చూపించే లింటియన్ అనే పనిముట్టు ఉంది. అది చెప్పిన ఒక్క తప్పును సరిదిద్ది పంపడం రెండో మెట్టు. పాలసీలో ఒక అధ్యాయం చదివి, ఇది ఎందుకు పెట్టారు అని అడగడం మూడోది.

సంఘం పెద్దలు ఒప్పుకుంటే, వచ్చే నెల నుంచి ప్రతి రెండో శనివారం సాయంత్రం మన బడి కంప్యూటర్ గదిలో కూర్చుంటాను. ఇద్దరు పిల్లలు వచ్చినా చాలు. మొదట 'ఫాంట్స్-తెలు' ప్యాకేజీని విప్పి లోపల ఏముందో చూద్దాం.