ఆండ్రాయిడ్ అప్‌డేట్ తరువాత మొదట ఏం చూడాలి?

ఫోన్‌ను నడిపించే మూల సాఫ్ట్‌వేర్‌ను ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. అది అప్‌డేట్ కాగానే చాలామంది రంగులు, వాల్‌పేపర్లు మార్చి చూస్తారు. మొదట తెరవవలసినది మాత్రం సెట్టింగ్స్‌లోని ప్రైవసీ విభాగమే. 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12 ఇందుకు మంచి ఉదాహరణ. ఏదైనా యాప్ కెమెరానో మైక్‌నో వాడుతున్నప్పుడు తెర పైమూలన ఆకుపచ్చ గుర్తు కనిపిస్తుంది. ఫోటో తీయనప్పుడు, ఎవరితోనూ మాట్లాడనప్పుడు కూడా ఆ ఆకుపచ్చ గుర్తు కనిపిస్తే, తెరను పైనుంచి కిందికి లాగి, దానిని తాకి, వాడుతున్న యాప్ ఏదో తెలుసుకొని, దాని పర్మిషన్‌ను, అంటే అనుమతిని, అక్కడినుంచే తొలగించవచ్చు. లొకేషన్ విషయంలోనూ ఒక మేలైన వెసులుబాటు వచ్చింది: వాతావరణం చెప్పే యాప్‌కు ఊరు తెలిస్తే చాలు, ఇల్లు తెలియనక్కరలేదు కనుక, కచ్చితమైన చోటుకు బదులు సుమారు ప్రాంతాన్ని మాత్రమే దానికి తెలియనివ్వవచ్చు.